వదిన గోడ మీది కత్తి

ఆ కత్తిని చూస్తే పదునమ్మకు ఒళ్ళు మండేది. మామూలు మంట కాదు, అరికాలి నుంచి నడినెత్తి దాకా పాకే మంట. పోనీ చూడకుండా ఉందామా అంటే కుదరదాయె! వదినగారింట్లో అడుగు పెట్టగానే ముందుగదిలో ఎదురుగా గోడకే ఉంటుంది. అద్దాల పెట్టె, పెట్టెలో నీలం మఖమల్ గుడ్డ, దాని మీద కత్తి, కత్తికి పైన ఒక చిన్న బల్బు. కత్తికి బల్బేమిటమ్మా! మనుషులు చీకట్లో తడుముకుంటున్నా పర్వాలేదు గానీ ఆ మహాతల్లికి మాత్రం పట్టపగలు కూడా దీపం ఉండాలి.

ఆ కత్తి చేసింది ఎవరో కాదు, పదునమ్మ మొగుడే. వీధిలో అందరూ ఆయన్ని కత్తులాయన అంటారు. నలుగురు మాట్లాడే చోట ఆయన ఒక మాట మాట్లాడితే గొప్ప. ఆ మిగిలిన మాటలన్నీ భార్యే మాట్లాడుతుంది కాబట్టి ఆమెకు పదునమ్మ అని పేరు పెట్టారు. పెట్టిందెవరో ఆమెకు తెలుసు. ఆ నెలంతా ఆ పెద్దమనిషి క్యారేజీలో కూరకు ఉప్పు పడలేదు.

క్యారేజీలంటే ఆమె పని అదే. వీధిలో వర్క్‌షాపుల వాళ్ళకు రోజూ ఇరవై రెండు క్యారేజీలు కట్టి పంపుతుంది. తెల్లారి లేచింది మొదలు పది గంటల దాకా తరగడమే తరగడం. దేంతో తరుగుతుందయ్యా అంటే, విరిగిన రంపపు బద్దకు ఒక పక్క పదును పెట్టి, ఇంకో పక్క గుడ్డ చుట్టిన దాంతో. ఇంటి వెనకే కొలిమి. అందులోంచి వారానికి రెండు కత్తులు బయటికొస్తాయి. మాంసం కొట్టువాళ్ళూ, హోటలు వంటవాళ్ళూ, తోలు కోసేవాళ్ళూ పనులు మానుకుని వచ్చి పట్టుకుపోతారు. కొలిమి వెనక గోడకు ఇవతల నిలబడ్డ ఇల్లాలికి మాత్రం రంపపు బద్ద! మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఈ ఆర్డరు అవనీ" అన్నాడు. నాలుగోసారి అడగడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది.

అలాంటి మనిషి ఏడు నెలలు కూర్చుని అక్కకు కత్తి చేశాడు. రెండు రకాల ఉక్కు కలిపి, మడతలు పెట్టి కొట్టి, కత్తి అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు తెప్పించాడు. అలుగూ పిడీ కలిసే చోట ఇత్తడి పట్టీ వేసి, దాని మీద తీగ చెక్కాడు. తీగకు ఆకులు, ఆకులకు ఈనెలు కూడా! నల్ల చేవకర్ర పిడి. రెండేళ్ళ క్రితం అక్క కొత్త ఇంట్లోకి మారిననాడు దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళి ఇచ్చాడు. భార్యకు ఒక్క మాట చెప్పలేదు. ఆ గుడ్డ విప్పినప్పుడే పదునమ్మ మొదటిసారి దాన్ని చూసింది.

వదినగారు స్కూల్లో పాఠాలు చెబుతుంది. అందరికీ టీచరమ్మ. ఎవరొచ్చినా ముందు కత్తి దగ్గరికే తీసుకెళుతుంది. "మా తమ్ముడు నా కోసం ఏడు నెలలు కూర్చుని చేశాడండీ," అంటుంది. ఆ 'నా కోసం' దగ్గర గొంతు కొంచెం సాగదీస్తుంది. పదునమ్మ అక్కడ ఉంటే ఇంకొంచెం ఎక్కువ సాగదీస్తుంది.

"కత్తన్నది కొయ్యడానికి వదినా," అనేది పదునమ్మ ప్రతిసారీ. "చూసుకోవడానికైతే ఒక క్యాలెండరు తగిలించుకుంటే పోలా?"

"విలువ తెలిసినవాళ్ళు కొన్ని వస్తువులు వాడరమ్మా, దాచుకుంటారు."

"దాచుకోవడమంటే బీరువాలో పెట్టుకోవడం. మీది ఊరేగించడం."

"నీకెందుకే అంత మంట?"

"నాకేం మంట? తుప్పు పడుతుందేమోనని."

తుప్పు కాదు, ఏమీ కాదు. రెండేళ్ళుగా ఆమె నిద్రపోయే ముందు ఆ కత్తిని ఒకసారి తిట్టుకునే పడుకుంటోంది. ఇంకెవరికైనా చేసి ఇచ్చుంటే ఆర్డరు అనుకుని ఊరుకునేది. అక్కకు ప్రేమతో చేశాడు, తనకు ఆపాటి ప్రేమ లేదు. ఆ మాట ఆమె బయటికి అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

ఆ ఆదివారం టీచరమ్మ ఇంట్లో భోజనాలు. ఆమె భర్తకు ఆఫీసులో పెద్ద పదవి వచ్చింది, పద్దెనిమిది మందిని పిలిచారు. వంటకు ఎవరిని పిలవాలి? ఇంట్లోనే ఉందిగా పదునమ్మ! పొద్దున్న ఎనిమిదింటికల్లా మొగుడూ పెళ్ళాలు దిగారు. కత్తులాయన బావతో కలిసి కుర్చీలు తేవడానికి వెళ్ళాడు. టీచరమ్మ తలస్నానానికి వెళ్ళింది. వంటింట్లో పదునమ్మ ఎదుట నాలుగు కిలోల ఉల్లిపాయలు, రెండు క్యాబేజీలు, ఒక పెద్ద గుమ్మడికాయ ఉన్నాయి.

వదిన వంటింటి కత్తి చూస్తే ఏడుపొచ్చింది. రేకు ముక్క. గుమ్మడికాయ మీద ఆనిస్తే కాయకు గీత పడలేదు సరికదా, కత్తే వంగి పక్కకు తిరిగింది. "ఓసి నీ కత్తి మండా!" అనుకుంది. దేశంలోకెల్లా మంచి కత్తి ముందుగదిలో బల్బు కింద కూర్చుని ఉంది, ఇక్కడ తను రేకుతో కుస్తీ పడుతోంది. ఆ అన్యాయం ఆమెకు మరీ మితిమీరినట్టు అనిపించింది. చెయ్యి కడుక్కుంది. ముందుగదిలోకి వెళ్ళింది. పెట్టెకు తాళం లేదు, చిన్న కొక్కెమే. తీసేసింది.

ఉద్దేశం మంచిది కాదని ఆమెకే తెలుసు. వారం రోజులు ఉల్లిపాయ కంపు కొట్టాలి ఆ కత్తి! టీచరమ్మ దాన్ని ఎవరికైనా చూపిస్తుంటే ఆ మనిషి ముక్కు మూసుకోవాలి! అంతే ఆమె కోరుకున్నది.

వంటింట్లోకి తెచ్చి, ఉల్లిపాయ పలక మీద పెట్టి, పిడి బిగించింది. బిగించి, అలాగే ఆగిపోయింది.

పదునమ్మ కుడిచేతి చిటికెన వేలు వంకర. పన్నెండేళ్ళప్పుడు ట్రంకు పెట్టె మూత కింద పడి నలిగింది. ఎముక అతుక్కుంది గానీ తిన్నగా అతుక్కోలేదు, నడిమి కణుపు దగ్గర నుంచి పక్కకు తిరిగిపోయింది. ఏ కత్తి పట్టుకున్నా, ఏ గరిటె పట్టుకున్నా ఆ వేలు బయటే ఉంటుంది. ఈ పిడి మీద అది బయట లేదు. దాని కోసం అక్కడ ఒక పల్లం ఉంది. ఆ వంకర వేలు ఎంత మేర తిరిగిందో అంత మేర తిరిగిన పల్లం. బొటనవేలి కింద ఇంకో పల్లం. అరచేతి దిబ్బకు ఆనేలా ఒక ఉబ్బు. ఆమె పిడికిలి మూసింది. పిడికీ చేతికీ మధ్య గాలి పోయే సందు లేదు.

కత్తులాయన పని తీరే అంత. గిరాకీ రాగానే మెత్తబెట్టిన మైనం ముద్ద చేతిలో పెట్టి బిగించమంటాడు. ఆ అచ్చు చూసుకుంటూ పిడి చెక్కుతాడు. కొట్టులో అరల నిండా పిడికిళ్ళే ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. పెళ్ళైన కొత్తలో ఒకనాడు పదునమ్మ చేతిలోనూ ముద్ద పెట్టాడు. "నీకో కత్తి చేస్తా," అన్నాడు. ఆమె సిగ్గుపడి ఆ వంకర వేలు దాచుకోబోతే, ఆయనే దాన్ని పట్టుకుని మైనంలో అదిమాడు. ఇరవయ్యేళ్ళ మాట. ఆ ముద్ద ఎప్పుడో కరిగించి పారేశాడనుకుంది.

ఆమె ఎందుకో తనకే తెలీకుండా, కొయ్యడం మొదలుపెట్టింది. అబ్బ, ఏం కత్తమ్మా! ఉల్లిపాయ తెగుతున్నట్టే లేదు, దానంతట అదే విడిపోతున్నట్టుంది. నాలుగు కిలోలూ అయిపోయాయి. క్యాబేజీలు అయిపోయాయి. గుమ్మడికాయ ఒక్క వేటుకి రెండు చెక్కలైంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఉల్లిపాయల వల్లేనని చెప్పుకోవచ్చు కదా అని తుడుచుకోను కూడా లేదు.

"ఏం చేస్తున్నావే?"

టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, తలకు తువ్వాలు చుట్టుకుని. పదునమ్మ కత్తి దించలేదు. ఇప్పుడు అరుస్తుంది, ఇల్లు ఎగిరిపోతుంది, సరే కానీ అనుకుంది. టీచరమ్మ అరవలేదు. లోపలికొచ్చి తలుపు మూసింది.

"తెలిసిపోయిందన్నమాట," అంది.

"ఏమిటి?"

"ఎందుకే ఆ నటన? నీ వేలు చూసుకో ఎక్కడుందో."

పదునమ్మ చూసుకుంది. పెదాలు బిగించినా నవ్వు ఆగలేదు.

"నవ్వకు," అంది టీచరమ్మ. స్టూలు లాక్కుని కూలబడింది. "తెచ్చిన మర్నాడే వంకాయలు తరుగుదామని తీశాను. ఎవరివో చెప్పులు వేసుకున్నట్టుంది. రెండు కాయలు తరిగేసరికి చేతికి బొబ్బ లేచింది. పిడి తిప్పి తిప్పి చూశాను. ఈ చివర గుంట ఏమిటా అని. మన ఇంటా వంటా ఇలాంటి వేలు ఎవరికుంది? నీకు తప్ప?"

"అందుకనా గోడకెక్కించారు?"

"మరేం చెయ్యమంటావ్? మా తమ్ముడు నాకు కత్తి చేశాడు గానీ అది నా చేతికి పట్టదని ఊరంతా చెప్పుకోనా? ఎవరూ ముట్టుకోకూడదని పెట్టె చేయించాను. ముఖ్యంగా నువ్వు." టీచరమ్మ తన అరచెయ్యి చాచింది. "అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళే. అన్నం కలిపి పెట్టింది ఈ చెయ్యి. స్కూలుకు వేలు పట్టుకుని తీసుకెళ్ళింది ఈ చెయ్యి. ఇది మర్చిపోయాడు, నీది గుర్తుంది. కుళ్ళుకున్నానే, చెప్పడానికి సిగ్గేముంది? రెండేళ్ళుగా నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాను."

తను ఎవరిని చూసి చచ్చిపోతోందో ఆవిడ తనను చూసి చస్తోందా! జాలి పడాల్సిన చోట పదునమ్మకు ముందు పండగలా అనిపించింది. తర్వాతే కొంచెం జాలేసింది.

అప్పుడే కుర్చీలు మోసుకుని కత్తులాయన వచ్చాడు. "ఒరేయ్, ఇటు రా!" అని టీచరమ్మ కేకేసింది. ఆయన వచ్చి, భార్య చేతిలో కత్తినీ, అక్క మొహాన్నీ చూశాడు. కుర్చీ కింద పెట్టడం కూడా మర్చిపోయాడు.

"ఈ పిడి ఎవరి చేతిదిరా?"

అప్పటికి ఆయన కుర్చీ దించాడు. "నీకు చెప్పకుండా ఇద్దామనుకున్నాను అక్కా. నీ చెయ్యి అడిగితే తెలిసిపోతుందిగా. అరలో ఇంకో అచ్చు ఉంటే అది వాడాను. ఆడవాళ్ళ చేతులు ఇంచుమించు ఒకటేగా అని..."

"ఒకటేనా!" అన్నారు వదినా మరదళ్ళిద్దరూ ఒక్కసారిగా.

పదునమ్మ పండగ అక్కడితో చల్లారిపోయింది. అరలో ఉందని వాడాడట! ఇంతకన్నా రంపపు బద్దే నయం. కానీ ఆమె బుర్ర ఊరుకునే రకం కాదు.

"ఒకటే అనుకుంటే ఈ వంకర ఎందుకు చెక్కారండీ?" అంది. "ఆవిడ వేలు తిన్నగానే ఉందిగా. ఈ గుంట పూడ్చేసి చెక్కొచ్చుగా?"

ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. అది పదునమ్మ చూసింది. టీచరమ్మ కూడా చూసింది. చూసి, స్టూలు మీంచి లేచింది.

"సరే. ఈ పిడి పీకేసి నా చేతికి వేరే పిడి వెయ్యి. రేపటి నుంచి నేను ఈ కత్తి వాడతాను. మీ ఆవిడ రెండేళ్ళుగా చెబుతూనే ఉందిగా, కత్తన్నది కొయ్యడానికని."

పదునమ్మ పిడి ఇంకా గట్టిగా పట్టుకుంది. "అయ్యో వదినా, వాడతారా! అంత నాజూకు పనితనం! నాలుగు రోజులు వాడితే ఆ గీతలన్నీ మాసిపోవూ? గోడ మీదే దానికి అందం."

టీచరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వులో దయ లేదు. "ఇప్పుడు గోడ గుర్తొచ్చిందా తల్లీ! సరే, నువ్వే తేల్చు. గోడకు ఉండాలంటే ఈ పిడితోనే ఉంటుంది, కానీ ఇంకోసారి నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు, తాళం వేస్తాను. వాడాలంటే పిడి మారుతుంది. ఏదంటే అది."

కత్తి ఇవ్వనంటోంది, అది స్పష్టమే. పదునమ్మ పిడి వదలకుండా ఆలోచించింది. గోడ మీద ఉంటే తన చెయ్యి అలాగే ఉంటుంది, ఎవరూ చెరపరు. కానీ ఎక్కడ? వదిన ముందుగదిలో, వదిన బల్బు కింద, వచ్చినవాళ్ళందరికీ 'నా కోసం' అని చూపించడానికి. తన వేలు అక్కడ వేలాడుతూ ఉంటే తను ఇంట్లో రంపపు బద్దతో తరుక్కోవాలి.

"మార్చండి," అంది మొగుడితో. "ఇప్పుడే, నా కళ్ళ ముందే."

కత్తులాయన పిడికి జిగురు వాడడు, రివెట్లే. పెరటి గట్టు మీద కూర్చుని, ఒక మేకూ సుత్తీ తీసుకుని మూడు రివెట్లూ వెనక్కి కొట్టాడు. పిడి రెండు బద్దలుగా ఊడి గట్టు మీద పడింది. అవి పడీ పడకముందే పదునమ్మ తీసి రెండూ కలిపి పిడికిట్లో బిగించింది.

"అవి ఇటివ్వు," అంది టీచరమ్మ.

"మీకెందుకు? మీ చేతికి బొబ్బలెక్కించాయిగా."

"నాకిచ్చిన దాంట్లోవే అవీ. పొయ్యిలో పెట్టుకుంటాను, నా ఇష్టం. ఇవ్వవే!"

టీచరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. పదునమ్మ వదల్లేదు. ఇద్దరూ నలభై దాటిన ఆడవాళ్ళు, ఇంకో గంటలో పద్దెనిమిది మంది పెద్దమనుషులు భోజనానికి వస్తారు, పెరట్లో వీళ్ళు రెండు చెక్కముక్కల కోసం గుంజుకుంటున్నారు. అప్పుడు కత్తులాయన లేచాడు. అక్క మాటకు పుట్టి బుద్ధెరిగి ఎదురు చెప్పని మనిషి.

"అక్కా, అది దాని చెయ్యి," అన్నాడు. "వదిలెయ్."

టీచరమ్మ వదిలేసింది. మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. ఆయన లోపలికెళ్ళి, కలిపి ఉన్న పిండిలోంచి ఒక ముద్ద తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "మైనం లేదు, ఇదే బిగించు," అని ఆమె వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని మెల్లిగా అదిమాడు. "ఎన్నేళ్ళైందిరా నా చెయ్యి పట్టుకుని," అంది టీచరమ్మ, కళ్ళ నిండా నీళ్ళతో. ఆయన ఆ వేళ్ళు పట్టుకున్న తీరు చూసి పదునమ్మకు మళ్ళీ చురుక్కుమంది. వంటింట్లో పోపు మాడుతున్నట్టు నటించి లోపలికి వెళ్ళిపోయింది.

భోజనాలు బాగా జరిగాయి. మూడింటికి ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆమె సంచిలో పిడి బద్దలు, ఆయన సంచిలో అక్క అలుగూ పిండి ముద్దా.

"దీనికి ఒక అలుగు చేసి పెట్టండి," అంది పదునమ్మ. "అందరూ కత్తికి పిడి చేయించుకుంటారు, నేను పిడికి కత్తి చేయించుకుంటాను."

"సరే. నాలుగు రోజుల్లో ఇస్తా."

"నాలుగు రోజులా?" ఆమె గొంతు లేచింది. "ఆవిడకైతే ఏడు నెలలు, నాకు నాలుగు రోజులా? ఆవిడకు అలలు, ఆకులు, ఈనెలు, నాకేమో రేకు ముక్క తగిలిస్తారా?"

ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. "ఆ ఏడు నెలలూ నీకేనే," అన్నాడు.

"ఏమన్నారు?"

"నీ కోసమే మొదలుపెట్టాను. అలుగుకి రెండు నెలలే పట్టింది. తక్కిన అయిదూ ఆ చిటికెన వేలు దగ్గరే. చెక్కడం, కుదరక పారెయ్యడం. చివరికి కుదిరిన రోజు అక్క కొట్టుకొచ్చింది. కత్తి చూసి, 'కొత్త ఇంటికి నా కోసమే చేస్తున్నావా ఒరే!' అని ఏడ్చేసింది. కాదని ఎలా చెప్పను? ఇందాక అరలో అచ్చు మాట కూడా అందుకే అన్నాను."

పదునమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక్కి తిరిగి వచ్చిన దారి చూసింది. ఇప్పుడు వెళ్ళి ఈ ఒక్క మాట చెబితే చాలు, ఆ టీచరమ్మ ఈ జన్మలో మళ్ళీ తల ఎత్తదు. నాలుక చివరి దాకా వచ్చింది. పిండి ముద్ద పట్టుకుని కళ్ళు తుడుచుకున్న ఆ మొహం గుర్తొచ్చింది. మింగేసింది. మింగడం ఆమెకు అలవాటు లేని పని, చాలా కష్టమైంది.

"ఈ మాట ఆవిడకు తెలుసా?"

"తెలీదు."

"చెప్పకండి." మొగుడి వైపు తిరిగింది. "రెండేళ్ళు! రెండేళ్ళుగా నేను కుళ్ళి చచ్చిపోతుంటే ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నాలుగు రోజులు లేదు, ఏమీ లేదు," అంది పదునమ్మ, ముక్కు చీదుకుంటూ. "నాకు ఎనిమిది నెలలు కూర్చుని చెయ్యాలి. ఆవిడకన్నా ఒక నెల ఎక్కువ. ఒక్క రోజు తగ్గినా నేనొప్పుకోను."

సరేనన్నాడాయన. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఆ రెండు బద్దలూ కలిపి పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.